పదిహేనేళ్ళ తర్వాత హాకీ కర్ర మళ్ళీ పట్టాలంటే

మా అత్త నా హాకీ కర్రతో వడియాలకు కాపలా కాసేది. మిద్దె మీద పాతచీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టి, కాకి వాలితే కర్రతో పిట్టగోడ మీద టకటకా కొట్టేది. ఆమెను తప్పుపట్టడానికి లేదు, మూలన పడున్న కర్రకు ఆమే ఒక పని చూపించింది. పట్టుకునే చోట చుట్టిన టేపు ఎండకు కరిగి నల్లగా జిగురు తేలింది. కొన వంపు దగ్గర చెక్క పొరలు విచ్చుకున్నాయి. 2007లో పెళ్ళయి ధర్మవరం నుంచి అనంతపురం వచ్చేటప్పుడు చీరల పెట్టెతో పాటు తెచ్చుకున్న కర్ర అది. 2022 చివరిదాకా దానితో ఒక్క బంతీ కొట్టలేదు.

స్కూల్లోనో కాలేజీలోనో ఆడి, పెళ్ళితోనో కాన్పుతోనో ఉద్యోగంతోనో ఆట మానేసి, ఇప్పుడు ఆటోలో గ్రౌండు పక్కగా పోతుంటే మెడ తిప్పి చూసే ఆడవాళ్ళుంటారే, వాళ్ళ కోసం రాస్తున్నా. నేనెట్లా తిరిగొచ్చానో, ఎక్కడ దెబ్బ తిన్నానో చెప్తాను. నాకు తెలిసింది హాకీ కాబట్టి హాకీ మాటల్లోనే చెప్తాను. ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ ఆడినవాళ్ళకైనా కాళ్ళ సంగతి, ఊపిరి సంగతి ఒకటే.

2022 నవంబరులో ఒక రాత్రి పట్టుచీరకు కుచ్చులు ముడేస్తూ ఫోన్‌లో వార్తలు చూస్తున్నా. కెనడాలోని టొరాంటోలో, మేటి ఆటగాళ్ళ పేర్లు నిలిపే హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నవాళ్ళ ఫొటో ఒకటి కనబడింది. కోట్లు వేసుకున్న మగవాళ్ళ మధ్య ఒక ఆడమనిషి. రీకా సాల్లినెన్, ఫిన్లాండ్. ఆమె ఆడేది మనం ఆడే హాకీ కాదు, మంచుగడ్డ మీద స్కేట్లు కట్టుకొని ఆడే ఐస్ హాకీ. బంతి ఉండదు, నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది, దాన్ని పక్ అంటారు. 45 డిగ్రీల ఎండ చూసిన మనకు ఆ ఆటతో ఏం పని అని వదిలేసేదాన్నే. వయసు దగ్గర కన్ను ఆగింది. ముడి సగంలో ఉండగానే చీర పక్కన పెట్టి చదివాను.

రీకా 1973 జూన్ 12న యువాస్కులా అనే ఊళ్ళో పుట్టింది. 1990లో ఆడవాళ్ళ ఐస్ హాకీకి మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కెనడాలోని ఒట్టావాలో జరిగితే, 16 ఏళ్ళకే ఫిన్లాండ్ జట్టులో ఆడి కంచు పతకం తెచ్చుకుంది. 1998లో జపాన్‌లోని నగానోలో ఆడవాళ్ళ ఐస్ హాకీ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. అక్కడా కంచే. ఆ పోటీ మొత్తంలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు ఆమెవి, 12. ఐస్ హాకీలో గోల్ కొట్టినవాళ్ళకే కాదు, ఆ గోల్‌కు పాస్ ఇచ్చినవాళ్ళకు కూడా పాయింటు రాస్తారు. మన ఆటలోనూ అట్లా రాసుంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తాది. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్ నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ మరుసటి ఏడు ఆమె ఆట మానేసింది.

2010లో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ఆమెను తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది. శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెట్టడం లాంటిది అది, ఆట అయిపోయినవాళ్ళకు చేసే మర్యాద. 2013లో ఆమె ఆ శాలువా పక్కన పెట్టి, పదేళ్ళ విరామం తర్వాత, తన సొంతూరి క్లబ్ జేవైపీకి మళ్ళీ ఆడింది. 2014 ఫిబ్రవరిలో సోచి ఒలింపిక్స్‌కు పోయేసరికి 40 ఏళ్ళు. అక్కడ క్వార్టర్ ఫైనల్లో ఫిన్లాండ్ 4-2తో స్వీడన్ చేతిలో ఓడింది. పతకం లేదు, ఐదో స్థానం.

ఆమె కథలో నేను ఎక్కువసార్లు తలుచుకునేది ఈ సోచి గురించే. తిరిగొచ్చినవాళ్ళకు మొదటి ప్రయత్నంలోనే అంతా కలిసి రావాలని లేదు. ఆమె ఇంకో ఐదేళ్ళు ఆడింది, స్వీడన్‌కు పోయి హెచ్‌వీ 71 క్లబ్ తరఫున కూడా ఆడింది. 2018 ఫిబ్రవరి 21న దక్షిణ కొరియా ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్ రష్యా ఆటగాళ్ళ జట్టును 3-2తో ఓడించి కంచు గెలిచినప్పుడు ఆమెకు 44 ఏళ్ళు. నగానో పతకానికీ దీనికీ మధ్య ఇరవై ఏళ్ళు. అప్పటిదాకా ఒలింపిక్ ఐస్ హాకీలో, మగవాళ్ళను కలుపుకున్నా, అంత వయసులో పతకం గెలిచినవాళ్ళు లేరు. మరుసటేడు ఏప్రిల్‌లో ఫిన్లాండ్‌లోనే, ఎస్పోలో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్లో కెనడాను 4-2తో ఓడించి ఫైనల్‌కు చేరారు. అమెరికా, కెనడా తప్ప మూడో దేశం ఆ ఫైనల్ ఆడటం అదే మొదటిసారి. ఎక్స్‌ట్రా టైములో ఫిన్లాండ్ కొట్టిన గోల్‌ను వీడియో చూసి చెల్లదన్నారు, చివరికి షూటౌట్‌లో అమెరికా గెలిచింది. వెండి పతకం. ఆమెకప్పుడు 45. ఆ తర్వాతే ఆట చాలించింది.

ఇదంతా చదివిన 2022 నవంబరులో నాకు 37. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే మిద్దెక్కి కర్ర చేతిలోకి తీసుకున్నా.

"ఈ వయసులో ఎగురులాట ఏంటికి మే?" అనింది మా అత్త. కోపంగా కాదు, భయంగా అనింది. రెండో కాన్పు ఆపరేషన్ అయినప్పుడు నన్ను మంచం మీద నుంచి లేపి నడిపించిన మనిషి ఆమే. ఆ భయంలో న్యాయముంది. అందుకే మీకు మొదట చెప్పేది కర్ర గురించి కాదు, ఒంటి గురించి.

గ్రౌండుకు పోకముందే డాక్టరు దగ్గరికి పోండి. బీపీ, షుగరు, హిమోగ్లోబిన్ చూపించుకోండి. నా హిమోగ్లోబిన్ 9.4 ఉండింది. ఆడవాళ్ళకు 12 దాటాలి. ఇన్నాళ్ళూ మెట్లెక్కితే ఆయాసం వచ్చేది పనెక్కువయ్యి అనుకున్నా, అది రక్తం తక్కువయ్యి. మూడు నెలలు ఐరన్ మాత్రలు మింగాను. మాత్ర మింగాక గంట, మింగకముందు గంట టీ తాగకండి, టీ ఉంటే ఐరన్ ఒంటికి పట్టదు. నేను రాత్రి పడుకునే ముందు నిమ్మకాయ నీళ్ళతో వేసుకునేదాన్ని. రాగిసంగటి, మునగాకు మన ఇళ్ళల్లో ఉండేవే, తినండి. అయితే 9కి దిగిన రక్తం సంగటితో మాత్రమే లేవదు, మాత్ర కావాల్సిందే.

ఇంకో మాట. కాన్పులైన ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోని సంగతి ఇది. దగ్గితే, తుమ్మితే, ఎగిరితే చుక్క చుక్క మూత్రం పడటం. నా జతగత్తె ఒకామె దీనికి భయపడే గ్రౌండుకు రానని మొండికేసింది, కారణం మాత్రం మోకాలి నొప్పి అని చెప్పింది. ఇది చాలామందికి ఉంటాది, తగ్గుతాది కూడా. మూత్రం ఆపుకోవాలంటే ఏ కండరం బిగిస్తామో దాన్ని లోపలికి, పైకి లాగినట్టు బిగించి ఐదారు లెక్కపెట్టండి, పూర్తిగా వదిలేయండి. అట్లా పదిసార్లు, రోజుకు మూడుపూటలు. ఊపిరి బిగపట్టకూడదు, నిజంగా మూత్రానికి పోయినప్పుడు ఇది చేయకూడదు. కూరగాయలు తరుగుతూ చేయొచ్చు, బస్సులో కూర్చొని చేయొచ్చు. గుణం కనబడటానికి మూడు నెలలు పడతాది. తగ్గకపోతే లేడీ డాక్టరును అడగండి, సిగ్గుపడాల్సిన పని లేదు. ఆపరేషన్ కుట్టు దగ్గర లాగినట్టుంటే ఆమెకు చూపించాకే పరుగు మొదలుపెట్టండి.

మా నాయన ధర్మవరంలో మగ్గం నేసేవాడు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఆయనకు కామెర్లొచ్చి మూడు నెలలు మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. తిరిగి కూర్చున్న రోజు, ఒప్పుకున్న బుటాల చీర పక్కింటాయనకు ఇచ్చేసి, బుటాలు లేని సాదా చీర ఎక్కించుకున్నాడు. ఆ రోజంతా జానెడు నేశాడు. "చేతికి అంతా గుర్తుండాది, కాలికి గుర్తు లేదు. కాలొచ్చేదాకా చెయ్యి ఆగాల," అన్నాడు. చేయి తొందరపడితే పోగు తెగుతాదని ఆయన భయం. ఆట కూడా అచ్చం అంతే. బంతి ఎటు వస్తాదో తలకు గుర్తుంది, కర్ర ఎట్లా వంచాలో మణికట్టుకు గుర్తుంది. పిక్కకు, మోకాలికి, గుండెకు మాత్రం గుర్తు లేదు. తిరిగొచ్చినవాళ్ళకు దెబ్బలు తగిలేది ఈ తేడా వల్లనే.

నాయన మాట నాకు బాగా తెలుసు, అయినా పాటించలేదు. జనవరిలో నడక మొదలుపెట్టి, ఫిబ్రవరి మూడో వారానికే గ్రౌండులో పదహారేళ్ళ పిల్లల పక్కన నిలబడ్డా. ఒక పాప బంతి తీసుకొని కుడిపక్కగా పోతాంటే, ఒకప్పుడు నేను పోయే దారే అది, ఆగలేక వెంటబడ్డా. పది అడుగులు వేశానో లేదో, ఎడమ పిక్క మీద ఎవరో రాయితో కొట్టినట్టయింది. రాయి విసిరిందెవరని వెనక్కి తిరిగి చూశా కూడా. ఎవరూ లేరు. కండరం చీలింది.

ఇంటికొస్తే వీధిలో పెద్దామె ఒకరు ప్రేమకొద్దీ వేడి ఆముదం పెట్టి గట్టిగా రుద్దారు. తెల్లారేసరికి పిక్క బోరింగ్ పైపు లావు వాచి నీలం తిరిగింది. కండరం చీలిన మొదటి రెండు మూడు రోజులు వేడి పెట్టకూడదు, రుద్దకూడదు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టి తీయండి, రోజుకు నాలుగైదుసార్లు. సాగే గుడ్డకట్టు కట్టి, కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకోండి. మునివేళ్ళ మీద నిలబడలేకపోతే డాక్టరుకు చూపించండి. పిక్క బిగుసుకొని, వేడెక్కి, వాపు రోజురోజుకూ పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా అదే రోజు పోండి, అది రక్తం గడ్డకట్టడం కూడా కావచ్చు. నాకు ఆరువారాలు పట్టింది.

ఆ ఆరువారాల తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి చేసింది ఇది, మీరూ దీన్నే పట్టుకోండి.

మొదటి ఆరువారాలు కర్ర ముట్టుకోకండి. ముప్పావుగంట నడక, వారానికి ఐదురోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, వేగానికి అదే కొలత. ఇంటి మెట్టు అంచున మునివేళ్ళు ఆనించి, మడమలు నెమ్మదిగా కిందికి దించి పైకి లేపండి, పదిహేనుసార్లు, మూడు విడతలు. మొదట రెండు కాళ్ళతో, రెండు వారాల తర్వాత ఒక్కో కాలితో. ఈ ఒక్క పని జనవరిలో చేసుంటే నా పిక్క చీలేది కాదు. కుర్చీలో కూర్చున్నట్టు వంగి లేవడం, చేతులు ఆనించకుండా, ఇరవైసార్లు. మోకాలు లోపలికి ముడుచుకోకుండా కాలివేళ్ళ వైపే ఉండాలి. ఆడవాళ్ళ మోకాళ్ళు దిగేటప్పుడు, తిరిగేటప్పుడు లోపలికి వాలుతాయి, మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టే లిగమెంటు తెగేది అట్లాంటప్పుడే. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. మొదటి రోజు నేను ఎనిమిది లెక్కపెట్టేసరికి వాష్‌బేసిన్ పట్టుకున్నా.

తర్వాత నాలుగువారాలు, రెండు నిమిషాల నడక, ఒక నిమిషం మెల్లటి పరుగు, అట్లా పదిసార్లు. కర్ర చేతికి తీసుకోవడం ఇప్పుడు.

పాతకర్రతో ఆడకండి. పొరలు విచ్చిన చెక్క దెబ్బకు చీలి కంట్లో పడొచ్చు. నా పాతది ఇంట్లోనే ఉంది, కొత్తది కొన్నాను. నిలబడి కర్రను పక్కన నిలబెడితే పిడి కొన తుంటి ఎముక దాకా రావాలి. పొడవు 105 సెంటీమీటర్లు, బరువు 737 గ్రాములు దాటకూడదని రూలు. మనకు అంత బరువు అక్కర్లేదు, తేలికది తీసుకోండి, మణికట్టు నొప్పెట్టదు. మోకాలి కింద ఎముకకు షిన్ ప్యాడ్లు, పళ్ళకు మౌత్ గార్డు తప్పకుండా కొనండి. మా ఎర్రమట్టి గ్రౌండులో చిన్న రాయి తగిలినా బంతి మోకాలి ఎత్తు లేస్తాది. మంచి స్పోర్ట్స్ బ్రా కొనండి. నేను ఆడినన్నాళ్ళూ అది ఉంటాదని కూడా తెలియదు, రెండు మామూలువి ఒకదాని మీద ఒకటి వేసుకునేవాళ్ళం.

మొదట బంతిని కొట్టొద్దు, ఆపండి. పదిహేనేళ్ళ తర్వాత చేతికి తిరిగి నేర్పాల్సింది ఆపడమే. గోడకు ఆరేడు అడుగుల దూరంలో నిలబడి బంతిని మెల్లగా నెట్టండి, తిరిగొచ్చేదాన్ని ఆపండి. ఎడమచేయి పిడి కొనన గట్టిగా, కుడిచేయి మధ్యలో గుడ్డు పట్టుకున్నంత వదులుగా ఉండాలి. పిడి కొంచెం ముందుకు వంచితే బంతి కర్ర కిందే అణుగుతాది, నిటారుగా పెడితే ఎగిరి పోతాది. బంతి తగిలే క్షణంలో కర్రను వేలెడంత వెనక్కి రానివ్వాలి. సరిగ్గా వచ్చిందో లేదో చెవికి తెలుస్తాది. 'టక్' అని మోగితే చేయి బిగుసుకుంది, బంతి రెండడుగులు ఎగిరిపోయుంటాది. 'తప్' అని మెత్తగా వస్తే బంతి అక్కడే నిలబడుంటాది. మూడోరోజు సాయంత్రం, ముప్పై నలభై 'టక్'ల తర్వాత నాకొక 'తప్' వచ్చింది. బంతి కర్ర ముందు కదలకుండా కూర్చుంది. నేను దాన్నట్లా చూస్తా నిలబడ్డా, మా చిన్నమ్మి వచ్చి "ఏమైంది మా?" అని అడిగేదాకా.

రోజుకు పది నిమిషాలు చాలు. గోడ మీ ఇంటిదైతే మేలు.

ఇక ఊపిరి. ఇక్కడ నాకు దారి చూపించింది ఐస్ హాకీయే. ఆ ఆట 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. గోల్‌కీపర్ కాక ఐదుగురు మంచు మీద ఉంటారు. ఏ ఆటగత్తె అయినా ఒక విడతకు మంచు మీద ఉండేది 45 సెకన్ల చుట్టూతే. ఉన్నంతసేపూ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఆడి, చప్పున గోడ దాటి బెంచీ మీద కూర్చుంటారు. వేరేవాళ్ళు దిగుతారు. ఊపిరి చేరాక మళ్ళీ వీళ్ళు. దాన్ని షిఫ్టు అంటారు. నలభై దాటిన మనిషి ఒలింపిక్స్‌లో ఎట్లా ఆడగలిగిందో అర్థం కావాలంటే ఈ షిఫ్టు అర్థం కావాలి. అరవై నిమిషాలు ఏకబిగిన పరిగెత్తమని ఆ ఆట ఎవరినీ అడగదు. మన హాకీలోనూ 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు, ఎవరినైనా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. రూలు మనకిచ్చిన ఈ వెసులుబాటును ఊరి జట్లలో ఎవరూ సరిగ్గా వాడరు. బయటికి రమ్మంటే అవమానంగా తీసుకుంటారు. నేను కాలేజీలో ఆడేటప్పుడు నన్ను బయటికి పిలిస్తే ఏడ్చేదాన్ని.

అందుకని పదకొండో వారం నుంచి షిఫ్టులు. గ్రౌండులో నాలుగో వంతు చోటు చాలు, ఒక్కో వైపు ముగ్గురు. నలభై సెకన్లు బంతితో నిజమైన ఆట, తొంభై సెకన్లు విశ్రాంతి. మొదటి రోజు ఆరు షిఫ్టులు, ఏడోది ఆడబుద్ధవుతాది, ఆడొద్దు. వారానికొకటి పెంచుకుంటూ పన్నెండు దాకా పోండి. వేగం తగ్గిందంటే ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. అలసిన కాలితో ఆడితే అడుగు తప్పు పడి మోకాలు పోతాది. రెండు ఆటరోజుల మధ్య ఒకరోజు ఖాళీ ఉండాల్సిందే. ఇరవై ఏళ్ళప్పుడు రాత్రి నిద్రతో పోయిన నొప్పి ఇప్పుడు రెండు రాత్రులు తీసుకుంటాది.

ఎండ గురించి అనంతపురంవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు గానీ, ఆట పిచ్చిలో పడితే మరిచిపోతాం. ఫిబ్రవరి చివర నుంచి జూన్ దాకా ఐదున్నరకు మొదలుపెట్టి ఏడులోపు ముగించండి. పోయే ముందు చెంబుడు నీళ్ళు, మధ్యలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ, ఇంటికొచ్చాక అంబలి. ఒంట్లో చలి పుట్టినట్టయినా, చెమట ఆగిపోయినా, మాట తడబడినా ఆట ఆపేసి నీడకు పోయి మెడ, చంకలు తడిపించుకోండి. తెలివి తప్పుతున్నట్టుంటే ఆస్పత్రికే.

ఇంట్లో వాళ్ళతో మాట్లాడేటప్పుడు అనుమతి అడగకండి, పని పంచండి. "ఆడుకోనా?" అంటే వద్దనడం తేలిక. "మంగళ, గురు, ఆదివారాలు పిల్లల క్యారియర్లు మీరు కట్టాలి" అంటే మాట్లాడుకోవడానికి ఒక పని దొరుకుతాది. మా ఆయన మొదటి నెలంతా చిత్రాన్నమే కట్టాడు, పిల్లలు తిన్నారు. అత్త మూడోవారం కర్ర తెచ్చి నా చేతిలో పెట్టి, "కాకులకు నేను ఇంగో కట్టె చూసుకుంటాలే, నీది నువ్వు పెట్టుకో," అనింది. దానితో ఆడకూడదని ఆమెకు చెప్పలేదు. కొత్తటేపు చుట్టి తలుపు పక్కన పెట్టాను.

ఒక్కరే పోవద్దు. పాత జట్టులో ఆరుగురికి ఫోన్ చేస్తే ఇద్దరొచ్చారు, ఆ ఇద్దరితో మొదలై ఇప్పుడు తొమ్మిదిమందిమి. చిన్నపిల్లలతో కలిసి ఆడేటప్పుడు పాత పొజిషన్ కోసం పట్టుబట్టకండి. నేను ముందు వరుసలో కుడిపక్క, రైట్ ఇన్ ఆడేదాన్ని, ఇప్పుడు వాళ్ళ వెనక వరుసలో నడుమ, సెంటర్ హాఫ్‌లో ఆడతాను. వాళ్ళు నాకన్నా మూడింతలు పరిగెత్తుతారు, కానీ బంతి ఎక్కడికి రాబోతుందో వాళ్ళకన్నా రెండు క్షణాల ముందు నాకు కనబడతాది. ఆ రెండు క్షణాలే మన ఆస్తి. తల ఎత్తి చూడటం, అరిచి చెప్పడం, ఒక్క పాస్‌తో ఇద్దరిని దాటించడం మన పని. రీకా చిన్నప్పుడు ఐస్ హాకీ ఒక్కటే కాదు, మంచు మీద పదకొండుమంది బంతితో ఆడే బ్యాండీ, ఫిన్లాండ్ బేస్‌బాల్ పెసపల్లో కూడా ఆడింది. మీరు చిన్నప్పుడు ఆడిన ఏ ఆటలోని చూపూ వృథాగా పోయుండదు, బయటికి తీయండి.

కాగితాల సంగతి ముందే చూసుకోండి. రీకా రికార్డులు వెతికేటప్పుడు నేను మొదట ముగ్గురు మనుషులనుకున్నా. నగానోలో నీమినెన్, ఆ తర్వాత వాలిలా, చివరికి సాల్లినెన్. ఇంటిపేరు మారినా ఆమె లెక్క ఒకేచోట ఉంది. మన సర్టిఫికెట్లు పుట్టింటి ఇంటిపేరుతో ఉంటాయి, ఆధార్ అత్తింటి ఇంటిపేరుతో ఉంటాది. పోటీకి పేరిచ్చే రోజు ఈ తేడాతో ఆపేస్తారు. పదో తరగతి మార్కుల జాబితా, పెళ్ళి సర్టిఫికెట్, పాత టోర్నమెంటు సర్టిఫికెట్ల జిరాక్సులు ఒక కవర్లో పెట్టుకోండి. ఒక టోర్నమెంటులో మేము బ్యాగులతో పోతే, టేబుల్ దగ్గర కూర్చున్నాయన "పిల్లలను దింపడానికొచ్చినోళ్ళు ఆ పక్క కూర్చోండమ్మా" అన్నాడు. కవరు తీసి టేబుల్ మీద పెట్టాను. ఆయన మా పేర్లు రాసుకున్నాడు. ఇప్పుడు పెద్దవాళ్ళకంటూ పోటీలు కూడా మొదలయ్యాయి. 2025 జూన్‌లో చెన్నైలో హాకీ ఇండియా మొదటి మాస్టర్స్ కప్ పెట్టింది, ఆడవాళ్ళకు 35 దాటితే చాలు.

కవరు చూపించి పేర్లు రాయించుకున్న ఆ టోర్నమెంటులో మొదటి మ్యాచ్ 3-0తో ఓడిపోయాం. నేను మూడేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు దిగాను. నాలుగోసారి, ఎడమపక్క నుంచి గట్టిగా వచ్చిన బంతి నా కర్రకు తగిలి 'తప్' అని నిలబడింది. తల ఎత్తితే కుడిపక్క మా జట్టు పాప ఒకతి ఖాళీగా ఉంది. నెట్టాను. ఆమె కొట్టింది బయటికి పోయింది. వెంటనే చేయెత్తి నన్ను మార్చమని నేనే అడిగి బెంచీకొచ్చి కూర్చున్నా.

ఆదివారం పొద్దున ఐదున్నరకు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో ఉంటాం. కర్ర లేకపోయినా రండి, మా దగ్గర ఎక్స్‌ట్రావి రెండున్నాయి. బూట్లు, మజ్జిగ మాత్రం మీవి మీరు తెచ్చుకోండి.